తొలిపాదం

తెల్లవారకముందే బట్ట అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్లు రెండు ఆగిపోయాయి. మిగిలినవి నడుస్తున్నాయి కానీ, షెడ్డులో ఆడవాళ్లు మాటిమాటికీ తలలెత్తి ఆగిన వాటివైపే చూస్తున్నారు. మధ్యాహ్నానికల్లా కుట్టిన కోట్లన్నీ లారీకెక్కాలి. క్రిస్మస్ సెలవులకు ముందు ఇటలీకి పోయే ఆఖరి సరుకు అదే.

కిటికీ పక్క బల్ల దగ్గర నెవెనా కూర్చుని దారాలు కత్తిరిస్తోంది. కత్తెర ఎడమచేతిలో ఉంది. కుడిచెయ్యి కోటు మీద బరువులా పడి ఉంది. బట్ట జారిపోకుండా అదిమిపెట్టడానికి తప్ప ఆ చెయ్యి మరి దేనికీ పనికిరాదు. రెండు వేళ్లు అంటుకుని బిగిసిపోయాయి. వాటి మీద చర్మం నూనె రాసినట్టు మెరుస్తుంటుంది. ఒకప్పుడు ఆమె కాలర్లు కుట్టేది. కాలర్లు కుట్టేవాళ్లకు జీతం ఎక్కువ, గౌరవమూ ఎక్కువ. ఈ కోటు ఒక్కటి ఇటలీ దుకాణంలో తమ నెల జీతం కంటే ఎక్కువ పలుకుతుందని తనతో పనిచేసే పావ్లీనా ఒకసారి ఫోనులో చూసి చెప్పింది. ఆ తరువాత ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

అద్దం మీద ఆవిరి పట్టింది. నెవెనా మోచేత్తో కొంచెం తుడిచి బయటికి చూసింది. తలుపు పక్కన గోడకు ఆనుకుని కూతురు తోన్కా నిలబడి ఉంది. వీపున స్కూలు సంచి. చేతులు చంకల్లో దాచుకుంది. ముక్కు ఎర్రబడింది.

పక్క ఊరి బడికి పోయే బస్సు షెడ్డు ముందే ఆగుతుంది. తల్లీకూతుళ్లు పొద్దున్నే కలిసి బయల్దేరతారు. బస్సు వచ్చేదాకా తోన్కా లోపల కట్టెల పొయ్యి దగ్గర గుడ్డపీలికల కుప్ప మీద కూర్చుంటుంది. ఒక్కోసారి అక్కడే నిద్రపోతుంది. కానీ ఇవాళ ఇగ్నాజ్దెన్ పండగ. గెర్గినా గుమ్మంలోనే చెయ్యి అడ్డం పెట్టింది. గెర్గినా అంటే షెడ్డుకు పెద్ద. యజమాని ఆసెన్ లేనప్పుడు ఆమె మాటే ఆసెన్ మాట.

"ఇవాళ కాదమ్మా నెవెనా. నీకు తెలీనిదేముంది? ముందు బోజోని రానీ. తరవాత పిల్ల కూచుంటే కూచుంటుంది."

నెవెనా పిల్ల మఫ్లరు ఇంకో చుట్టు బిగించి లోపలికి వచ్చేసింది.

ఇగ్నాజ్దెన్ నాడు బయటి మనుషుల్లో మొదట ఎవరు గుమ్మం దాటితే, ఆ ఇంట ఏడాదంతా వాళ్ల పాదం వెంటే నడుస్తుంది. కోళ్లు గుడ్లు పెట్టినా, బావి ఎండినా, మనిషి మంచం పట్టినా అందరూ ఆ పాదాన్నే తలుచుకుంటారు. అందుకని ఆ రోజు పిలవని ఇంటికి ఎవరూ పోరు. కలిగినవాళ్లు నమ్మకమైన మనిషిని ముందే మాట్లాడి పెట్టుకుంటారు. ఆసెన్‌కు అలాంటి మనిషి మేనల్లుడు బోజో. ఎప్పుడూ ఒంట్లో నలత ఎరగడు, పరీక్షలో తప్పినా దిగులుపడడు. ఏటా వ్రాత్సా పట్నం నుంచి కారులో వస్తాడు.

పోయిన ఏడు బోజో ఆలస్యం చేశాడు. అమ్మ మరిచిపోయిన అన్నం డబ్బా పట్టుకుని తోన్కా పరుగెత్తుకుంటూ లోపలికి వచ్చింది. పొయ్యి దాకా వచ్చాక గానీ అందరూ తనవైపే చూస్తున్నారని గమనించలేదు. వెనకే వచ్చిన ఆసెన్ నాలుక చప్పరించి, "సర్లే, చిన్నపిల్ల," అన్నాడు. ఫిబ్రవరిలో ఇస్త్రీ బల్ల దగ్గర ఆవిరి పైపు పగిలింది. నెవెనా కుడిచెయ్యి ఉడికిపోయింది.

ఆసుపత్రికి ఆసెన్ నారింజపళ్లు తెచ్చాడు. తనే ఒకటి ఒలిచి తొనలు మూతపళ్లెంలో పెట్టాడు. "నీ ఉద్యోగం నీదే నెవెనా. చెయ్యి లేదని వెళ్లగొట్టేవాణ్ణి కాను నేను. తనిఖీవాళ్లు వస్తారు. చెయ్యి జారిందని చెప్పు, చాలు," అన్నాడు. తనిఖీవాళ్లు వచ్చారు. చెయ్యి జారిందని ఆమె చెప్పింది. ఊళ్లో మరో పని లేదు. మొగుడు పోయినప్పటినుంచీ ఇంట్లో ఉన్నది ఇద్దరే.

ఆమె పనిలోకి తిరిగి వచ్చేసరికి షెడ్డులో మాట స్థిరపడిపోయింది. ఆ పిల్ల పాదం. కోపంగా కాదు, జాలిగానే అనేవాళ్లు. పొయ్యి దగ్గర పీలికల మీద కూర్చున్న తోన్కా కూడా అది విన్నది. ఆ తరువాత ఎప్పుడో, ఏ రోజో నెవెనాకు గుర్తులేదు, పిల్ల గుమ్మాల దగ్గర ఆగడం మొదలుపెట్టింది. బడిలో, చర్చిలో, చివరికి సొంత ఇంట్లో కూడా, ఎవరో ఒకరు ముందు అడుగుపెట్టేదాకా పక్కకు తప్పుకుని నిలబడేది. "నువ్వు పద అమ్మా," అనేది. పెద్దవాళ్లకు దారివ్వడం నేర్చిందని నెవెనా ఇరుగుపొరుగమ్మలతో చెప్పింది. అది కాదని ఆమెకు తెలుసు.

మలుపులో ఒక పాత వ్యాను మంచు మీద జారుతూ వచ్చి షెడ్డు ముందు ఆగింది. పొడుగాటి మనిషి దిగి, పనిముట్ల పెట్టె తీసుకుని తలుపు కొట్టాడు. ఎవరూ తియ్యకపోయేసరికి కిటికీ దగ్గరికి వచ్చాడు. ఆవిరి పోవడానికని పైరెక్క ఎప్పుడూ ఓరగా తెరిచే ఉంటుంది. గెర్గినా స్టూలెక్కి అందులోంచి ముఖం పెట్టింది.

"మిషన్లు ఆగిపోయాయని ఫోన్ చేశారు కదమ్మా. నేను లాజర్‌ని, మెకానిక్‌ని. తలుపు తియ్యండి."

"కాస్త ఆగు బాబూ. మా తొలిపాదం ఇంకా రాలేదు."

"ఎప్పుడొస్తుంది?"

"కొండదారిలో మంచు పడిందట. బయల్దేరాడు, వస్తాడు."

"మిషన్లేమో ఆగిపోయాయి. బాగుచేసేవాడు వాకిట్లో ఉన్నాడు. బాగుంది."

"నీ పాదం ఎలాంటిదో మాకేం తెలుసు? పెళ్లాం ఉందా?"

"పోయింది."

గెర్గినా గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. "చూశావా మరి! నువ్వసలు గుమ్మం వైపే చూడకు."

"గెర్గినక్కా, ఆ ఓవర్‌లాక్‌ని కూడా అడుగు, దాని మొగుడున్నాడో లేడో," అంది పావ్లీనా తన మిషను దగ్గర్నించి. అందరూ నవ్వారు. బయటి మనిషి కిటికీ దగ్గరే ఇంకా నిలబడి ఉన్నాడని కనిపించాక ఆ నవ్వు ఒక్కొక్కరి దగ్గరా ఆగిపోయింది.

అతను కోపగించుకోలేదు. చలికి బూట్లు నేలకేసి కొట్టుకుంటూ అటూ ఇటూ తిరిగాడు. అప్పుడు తోన్కాను చూశాడు.

"నన్నంటే పెళ్లాం పోయినవాణ్ణని ఆపారు. నిన్నెందుకు ఆపారే? నీ మొగుడు కూడా పోయాడా?"

తోన్కా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చేతివెనక నుంచి కిచకిచమని ఒక చిన్న చప్పుడు వచ్చింది. నెవెనా తల పైకెత్తింది.

"నా పాదం మంచిది కాదు బాబాయ్," అంది తోన్కా. నవ్వు ముఖం మీద ఉండగానే, పేరు అడిగితే పేరు చెప్పినట్టు చెప్పింది.

"ఎవరన్నారు?"

"అందరికీ తెలుసు."

లాజర్ పెట్టె కింద పెట్టి, చేతితొడుగులు విప్పి ఆమెకు తొడిగాడు. అవి మోచేతుల దాకా వచ్చాయి.

"రా, బండిలో కూచో. గ్యాస్ పొయ్యి ఉంది. బస్సు వచ్చాక దిగుదువు గానీ."

వ్యాను వెనక తలుపులు తెరిచాడు. లోపల మిషన్ల విడిభాగాలు, బెల్టులు, ఒక మడత పరుపు, గిన్నె, తాడుకు ఆరేసిన తువ్వాలు కనిపించాయి. తోన్కా తలుపు దగ్గరికి వెళ్లి పక్కకు తప్పుకుంది.

"నువ్వెక్కు ముందు."

"ఇది నా ఇల్లే. వారమంతా ఇందులోనే పడుకుంటాను, ఏ ఊళ్లో పనుంటే ఆ ఊళ్లో." లాజర్ మెడ వెనక గోక్కున్నాడు. "పండగ పూటా నా ఇంటికి ఇంకా ఎవరూ రాలేదు. పోయినేడు కూడా రాలేదు. నేనే ఎక్కాను, నేనే దిగాను. ఇవాళ నువ్వు తొలిపాదం పెట్టరాదూ?"

"వద్దు బాబాయ్." పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది. "నీ చెయ్యి కాలిపోతుంది."

నెవెనా చేతిలో కత్తెర ఆగింది.

షెడ్డులో మిషన్లు నడుస్తూనే ఉన్నాయి. ఆ మాట ఇంకెవరికి వినిపించిందో, ఎవరికి వినిపించలేదో ఆమెకు తెలియలేదు. ఆమెకు మాత్రం పైరెక్క సందులోంచి చలిగాలితో పాటు స్పష్టంగా వినిపించింది.

బయట లాజర్ మెల్లగా మంచులో గొంతుక్కూచుని, రెండు చేతులూ పిల్ల ముఖం ముందు చాపాడు.

"చూడు. ఇదేమో టంకం కడ్డీ. ఈ పెద్దది బాయిలరు. ఈ గుండ్రటిది కాఫీ, మా ఆవిడ ఒంపేసింది. కోపంతో కాదులే, చూసుకోక. ఇవి కాలినప్పుడు నువ్వెక్కడున్నావు?"

తోన్కా వంగి ఒక్కో మచ్చనూ పరిశీలించింది. "పుట్టలేదేమో."

"మరి ఎవరి పాదమంటావ్?"

ఆమె ఆలోచించింది. "కాఫీ వేడిగా ఉందేమో."

"అంతే. వేడిగా ఉంది."

తోన్కా ఇంకా కొంచెంసేపు అక్కడే నిలబడింది. తరువాత లాజర్ చెయ్యి పట్టుకుంది. కుడికాలు ముందు పెట్టి బండిలోకి ఎక్కింది. లాజర్ జేబులోంచి గుప్పెడు పొద్దుతిరుగుడు గింజలు తీసి ఇచ్చాడు. తొలిపాదం చల్లే గోధుమలు తన దగ్గర లేవనీ, వాటితోనే సర్దుకోమనీ అన్నాడు. తోన్కా వాటిని పరుపు మీదా, పెట్టెల మీదా చల్లింది. తొలిపాదం పొయ్యి కెలికి రవ్వలు లేపాలి. గ్యాస్ పొయ్యిలో అవి లేవవు కనుక ఒక పుల్లతో మంటను కెలికినట్టు నటించింది.

"ఎన్ని రవ్వలో అన్ని కోడిపిల్లలు, అన్ని గొర్రెపిల్లలు..." అని ఆగింది. "బాబాయ్, నీకు గొర్రెలున్నాయా?"

"లేవు. సూదులు కావాలి. ఎప్పుడూ విరిగిపోతుంటాయి."

"అన్ని సూదులు," అంది తోన్కా గట్టిగా.

నెవెనా అద్దాన్ని మళ్లీ తుడవాల్సి వచ్చింది. లాజర్ పట్టకారుతో వాల్‌నట్లు పగలగొట్టి పిల్లకు ఇస్తున్నాడు. కాగితంలోంచి పండగకు చేసే తీపిరొట్టె, గుమ్మడికాయ చుట్ట, తీసి సగం విరిచాడు. ఇద్దరూ తలుపు అంచున కాళ్లు వేలాడేసుకుని తింటున్నారు. ఆ ముందురోజు నెవెనా కూడా గుమ్మడికాయ చుట్టలు చేసింది. పిల్ల సంచిలో రెండు ఉన్నాయి. ఆ సంగతి తోన్కాకు గుర్తున్నట్టు లేదు.

తింటూ లాజర్ వెనక్కి వంగి పరుపు కింద వెతికాడు. ఎర్ర ఊలు మేజోళ్ల జత ఒకటి తీశాడు. తొలిపాదానికి మేజోళ్లు ఇవ్వడం అందరిళ్లలోనూ ఉన్నదే. అవి మగవాడివి కావు. వాటిని ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్లీ దించి, పిల్ల ఒళ్లో పెట్టాడు.

"పెద్దవి," అంది తోన్కా.

"ఎదుగుతావు."

ఆమె అక్కడే బూట్లు విప్పి తొడుక్కుంది. మళ్లీ బూట్లు వేసుకుంటే మేజోళ్ల ఎరుపు బూట్ల పైకి పొంగి వచ్చి రెండు మడతలు పడింది. బండి దిగి మంచులో అటూ ఇటూ నడిచి కాళ్లవైపు చూసుకుంది.

ఒక పరాయివాడు, పేరు కూడా అడక్కుండా, తన బిడ్డను కోరి లోపలికి పిలుచుకున్నాడు. నెవెనాకు ఏడుపు రాలేదు.  ఫిబ్రవరి నుంచీ ఏ ఒక్క రాత్రయినా పిల్ల పక్కన పడుకుని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. పిల్ల అడగలేదు. పిల్ల అడగకపోవడమే తనకు సుఖంగా ఉండింది.

కారు వచ్చింది. ఆసెన్, బోజో దిగారు. తలుపులు బార్లా తెరుచుకున్నాయి. బోజో ఆవులిస్తూ కుడికాలు లోపల పెట్టి, గోధుమలు చల్లి, ఓక్ కొమ్మతో పొయ్యిలో కెలికాడు. రవ్వలు లేచాయి. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు.

"అన్ని కోట్లు, అన్ని లారీలు!" అన్నాడు బోజో.

"అన్ని సెలవులు కూడా అను నాయనా," అంది పావ్లీనా.

"మిషన్లు నడవనివ్వండి ముందు," అన్నాడు ఆసెన్ నవ్వుతూ. "ఏడీ మెకానిక్?"

లాజర్ పెట్టె పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. వెనక తోన్కా వచ్చి, అలవాటు ప్రకారం పక్కకు తప్పుకుని నిలబడింది. గెర్గినా ఆసెన్ చెవిలో ఏదో చెప్పింది. ఆసెన్ ముఖంలో నవ్వు పోలేదు. కొంచెం సన్నబడింది, అంతే.

"బాబూ, ఏమీ అనుకోకు. ఆ పెట్టె అక్కడే ఉంచు. మా దగ్గర స్క్రూడ్రైవర్లున్నాయి, వాటితో చెయ్యి. ఆ పిల్ల ఎక్కిన బండిలోంచి వచ్చిన సామాను ఇవాళ నా మిషన్ల మీద పెట్టనివ్వను."

"పిల్లని లోపలికి రానివ్వండి సారూ. గడ్డకట్టిపోయింది."

"బస్సొస్తుందిగా. చిన్నదే, పాపం, దాని తప్పనను. కానీ ఏటా ఒకరు చెయ్యి కాల్చుకుంటే నేను తట్టుకోలేను."

"ఏ చెయ్యి?" అన్నాడు లాజర్.

 ఎవరూ నెవెనావైపు చూడలేదు. అందరూ అంత జాగ్రత్తగా చూడకుండా ఉండటం వల్ల లాజర్ కళ్లు తిన్నగా ఆమె మీదికే వెళ్లాయి. కోటు మీద పడి ఉన్న చేతిని చూశాడు.

"ఆమెనే అడుగు," అన్నాడు ఆసెన్ మెత్తగా. "చెయ్యి జారిందని తనే చెప్పింది. ఉద్యోగం తీసేశానా? లేదు. ఈ రోజుకీ ఉంది."

నెవెనా కత్తెరను బల్ల మీద పెట్టింది.

"జారలేదు," అంది.

 మళ్లీ అంది. "జారలేదు. పైపు పగిలింది. దానికి గుడ్డపీలిక చుట్టి ఉంది. చుట్టింది నేనే. గెర్గినక్క చుట్టమంది. గెర్గినక్కకి మీరు చెప్పారు. కొత్త పైపు సెలవుల తరవాత చూద్దామన్నారు."

"నెవెనా." ఆసెన్ గొంతు తగ్గించాడు. "తనిఖీవాళ్లకి చెప్పింది ఒకటి, ఇప్పుడు చెప్పేది ఒకటి. ఆలోచించుకుని మాట్లాడు."

"ఆ రోజు ఆలోచించుకునే చెప్పాను."

గెర్గినా నేలవైపు చూస్తూ ఏప్రను అంచు మడుస్తోంది. పావ్లీనా తన మిషను ఆపి లేచి ఇస్త్రీ బల్ల దగ్గరికి నడిచింది. అక్కడ వంగి చూసింది. పైపుకు నీలం పూల పీలిక చుట్టి ఉంది. పోయినేటి కోట్ల లోపలి గుడ్డ కాదు, ఈ ఏటిదే.

"ఇప్పుడూ గుడ్డే ఉంది," అంది పావ్లీనా. ఈసారి హాస్యమాడలేదు.

ఒక్కొక్కటిగా మిగతా మిషన్లు ఆగాయి. తెరిచిన తలుపులోంచి చలి లోపలికి వచ్చి కాళ్లకు చుట్టుకుంటోంది.

"వేడంతా పోతోంది," అన్నాడు ఆసెన్. "ఎవరైనా ఆ తలుపు వెయ్యండి. నెవెనా, నువ్వు మధ్యాహ్నం ఆఫీసు గదికి రా, మాట్లాడదాం."

నెవెనా లేచి తలుపు దగ్గరికి వెళ్లింది. లాజర్ పక్కకు జరిగాడు. ఆమె తలుపు వెయ్యలేదు. కుడిచేతిని ఎత్తి, ఆ వంగని వేళ్లతోనే, రెక్కను గోడదాకా నెట్టి పట్టుకుంది. మెరుస్తున్న చర్మం మీద చలి సూదుల్లా గుచ్చుకుంది.

"తోన్కా. రా తల్లీ."

తోన్కా అమ్మ ముఖంవైపు కాదు, ఆ చేతివైపే చూసింది. "నువ్వు పద అమ్మా ముందు."

"నేను లోపలే ఉన్నాను. నువ్వు రా."

పిల్ల వెనక లాజర్ వ్యాను తలుపులు ఇంకా తెరిచే ఉన్నాయి. మలుపులో బడి బస్సు దీపాలు కనిపించాయి. గుమ్మం మీద బోజో చల్లిన గోధుమలు కొన్ని తడికి అంటుకుపోయాయి.  పొయ్యిలో ఒక కట్టె చిటపటమంది.

తోన్కా ఎడమకాలు ముందుకు వచ్చింది. ఆగింది. దాన్ని వెనక్కి తీసుకుంది. బస్సు హారను మోగింది. ఆమె తల తిప్పలేదు. ఎర్ర మేజోడు రెండు మడతలు పడిన కుడి బూటు నేల విడిచి, గుమ్మం ఎత్తు దాకా లేచింది.